పట్టు తప్పినప్పుడల్లా

"ఆ లిఫ్టు గోతిలో పడ్డావంటే ఎముకలు కూడా ఏరుకోలేమే" అన్నాను ఆ రోజు పొద్దున కూడా.

మా అమ్మాయి గుమ్మంలో కూర్చుని బూట్ల తాళ్ళు బిగించుకుంటోంది. తల ఎత్తకుండానే, "ఏరుకోవచ్చమ్మా. అడుగున సిమెంటే, ఎక్కడికీ పోవు" అంది. పనిముట్ల సంచి భుజాన వేసుకుని మెట్లు దిగింది. దాని అడుగుల చప్పుడు వీధి చప్పుళ్ళలో కలిసిపోయేదాకా నేను గుమ్మంలోనే నిలబడ్డాను.

అది లిఫ్టు మెకానిక్కు. ఆరేళ్ళుగా అదే పని. తోటి మెకానిక్కులు దాన్ని స్పానరు అని పిలుస్తారు. ఎవరింట్లో లిఫ్టు ఆగినా ఇది వెళ్ళాలి. మేముండేది మాత్రం లిఫ్టు లేని బిల్డింగులో నాలుగో అంతస్తు. అరవై ఎనిమిది మెట్లు. ఊరందరినీ పైకి చేర్చే మనిషి సాయంత్రానికి కాళ్ళీడ్చుకుంటూ ఎక్కి రావలసిందే.

రోజుకో చావు ఊహించి దాన్ని పనికి పంపించడం నాకు అలవాటు. తాడు తెగుతుందని ఒకరోజు, కరెంటు కొడుతుందని ఒకరోజు, అది లిఫ్టు పైకప్పు మీద ఉండగా ఎవడో తెలియక మీట నొక్కుతాడని ఒకరోజు. ఆయన ఉన్నంతకాలం ఈ మాటలన్నీ ఆయన చెవిలో పోసేదాన్ని. ఆయన పోయాక మొత్తం దీని వాటాకే వచ్చాయి. అది వింటుంది, నవ్వుతుంది, వెళ్తుంది. నేనన్నది ఏదీ జరగలేదు. అనేశాను కాబట్టే జరగలేదని నా నమ్మకం. నోటికి రాకుండా మిగిలిపోయిందే ఎప్పుడో ఒకప్పుడు మీద పడుతుంది.

అలాగే అయింది. తాడూ తెగలేదు, కరెంటూ కొట్టలేదు. ఆ రోజు ఏదో ఆఫీసులో లిఫ్టు నేలకి మూరెడు పైన ఆగిపోయిందట. పని చూసుకుని ఇది అందులోంచి కిందికి గెంతింది. గెంతుతుండగా వెనకనుంచి ఎవరో పిలిచారు. పాదం నేలకి ఆనింది, ఒళ్ళు పిలిచినవైపు తిరిగింది. మోకాల్లో టప్పుమంది. అంతే. మూరెడు ఎత్తు. పసిపిల్లలు మంచం మీంచి దూకే ఎత్తు. గోతికి భయపడ్డాను గానీ, మూరెడు ఎత్తుకి భయపడాలని నాకెవరు చెప్పారు?

మధ్యాహ్నం ఇద్దరు మెకానిక్కులు దాన్ని కుర్చీలో కూర్చోబెట్టి అరవై ఎనిమిది మెట్లూ మోసుకొచ్చారు. మోకాలు గుమ్మడికాయలా ఉంది. మోసినవాళ్ళలో పెద్దాయన రొప్పుతూ, "మీ స్పానరు ఇంత బరువనుకోలేదమ్మా, ఇనుమే కదా మరి" అన్నాడు. అది నవ్వింది. నేను నీళ్ళివ్వడం కూడా మర్చిపోయి గోడకి ఆనుకుని నిలబడిపోయాను.

వాపు తగ్గాక స్కానింగు తీశారు. మోకాళ్ళ డాక్టరు ఆ బొమ్మని వెలుతురుకి పెట్టి చూపించాడు. నాకు మబ్బుల్లా కనిపించింది.

"మోకాల్లో తాళ్ళలాంటివి నాలుగు ఉంటాయి. వాటిని లిగమెంట్లంటాం. వాటిలో ముందరిది పూర్తిగా తెగిపోయింది. అది మళ్ళీ అతుక్కోదు" అన్నాడు.

"లిఫ్టుకే ఆరు తాళ్ళు వేస్తాం సార్. మనిషికి నాలుగేనా?" అంది మా అమ్మాయి.

డాక్టరు నవ్వాడు. నవ్వి, రెండు దారులు చెప్పాడు. ఒకటి ఆపరేషను. తొడ వెనకనుంచి ఒక పోగు తీసి, ఎముకకి రంధ్రం చేసి, కొత్త తాడులా బిగిస్తారు. మళ్ళీ మామూలుగా తిరగడానికి తొమ్మిది నెలలు. రెండోది వ్యాయామాలు. తొడ కండరం గట్టిపడితే కొందరికి ఆపరేషను లేకుండానే మోకాలు నిలబడుతుంది.

"కొందరికే. మీకు నిలబడుతుందో లేదో మూడు నెలలు చూద్దాం. మోకాలు పట్టు తప్పినప్పుడల్లా ఒక పుస్తకంలో రాయండి. ఏ రోజు, ఏం చేస్తుండగా. ఆ పుస్తకం చూసే నిర్ణయం చేద్దాం. మాటిమాటికీ పట్టు తప్పుతుంటే మాత్రం ఊరుకోకూడదు. లోపలుండే మెత్తలాంటిది కూడా చిరిగిపోతుంది."

ఎముకకి రంధ్రం అన్న దగ్గరే నా చెవులు మూసుకుపోయాయి. మిగతాది ఇంటికొచ్చాక అదే మళ్ళీ చెప్పింది. చెప్పి, కొత్త నోటుపుస్తకం నా చేతిలో పెట్టింది.

"నువ్వే రాయమ్మా. భయాలు రాసుకోవడానికి నీకెలాగూ ఒకటి కావాలి."

ఇక్కడ ఒక మాట చెప్పాలి. మా వాళ్ళలో ఆపరేషను వల్ల పోయినవాళ్ళు ఒక్కరూ లేరు. మా చిన్నత్త పిత్తాశయం తీయించుకుని మూడోరోజుకి ఇంటికొచ్చింది, ఇప్పటికీ అందరి మీదా అజమాయిషీ చేస్తోంది. మా బాబాయికి గుండె కోసి కుట్టారు. ఆయనకి ఎనభై దాటాయి. అందరూ బాగానే ఉన్నారు. నా భయమంతా అదే. ఇంతమంది తప్పించుకున్నారంటే లెక్క ఎక్కడో ఒకచోట సరిపోవాలి కదా, అది మా గుమ్మంలోనే సరిపోతుందేమోనని. ఈ మాట ఎవరికి చెప్పినా నవ్వుతారు. నవ్వినంతమాత్రాన భయం పోతుందా?

ఇంట్లో రెండు గదులు. దాని మంచం నుంచి బాత్రూముకి పదకొండు అడుగులు, కిటికీకి ఆరు. కిటికీలోంచి ఎదుటి బిల్డింగు గోడ, దాని మీద ఒక నీళ్ళ గొట్టం కనిపిస్తాయి, అంతే. మొదటి నెలంతా అది ఆ గొట్టాన్నే చూసింది. ఎక్కడ అతుకు వేశారో, ఎక్కడ తప్పుగా వేశారో నాకు చెప్పేది. దాన్ని ఒంటరిగా వదలలేక నేనూ కిందికి దిగడం మానేశాను. కావలసినవి రెండో అంతస్తు దర్జీ తెచ్చి గుమ్మంలో పెట్టేవాడు. ఎవరైనా మెట్లెక్కుతున్న చప్పుడు వినిపిస్తే ఇద్దరం మాట ఆపి వినేవాళ్ళం. మూడో అంతస్తులో ఆగిపోయేది.

రెండో నెలలో కంపెనీవాళ్ళు దానికి ఫోను పని ఇచ్చారు. లిఫ్టుల్లో ఇరుక్కున్నవాళ్ళు చేసే ఫోన్లన్నీ దానికే వచ్చేవి. రెండు దిండ్ల మీద కాలు పెట్టుకుని, "తలుపు నెట్టకండి. నేల మీద కూర్చోండి. గాలికి కన్నాలుంటాయి, ఊపిరికేం కాదు. మావాళ్ళు బయల్దేరారు, నేను లైన్లోనే ఉంటాను" అని నింపాదిగా చెప్పేది. మెట్లు దిగలేక నాలుగో అంతస్తులో ఇరుక్కున్న మనిషి ఊళ్ళో ఇరుక్కున్నవాళ్ళందరికీ ధైర్యం చెప్పడం. నేను అవతలి గదిలో పని చేసుకుంటూ ఆ మాటలు వినేదాన్ని. అదే గొంతుతో నాతోనూ మాట్లాడుతోందని అప్పుడు నాకు తట్టలేదు.

పుస్తకంలో మొదటి నెలన్నర అన్నీ నిజాయితీగా రాశాను. మంచం దిగుతుండగా. కిటికీ దగ్గర తిరుగుతుండగా. కింద పడిన దువ్వెన తీస్తుండగా. ఆరు రాశాను. మోకాలు పట్టు తప్పడం ఎలా ఉంటుందో చూడనివాళ్ళకి చెప్పలేను. పడిపోవడం కాదు. నిలబడి ఉన్న మనిషికి ఒక్క క్షణం కింద కాలు లేనట్టు అవుతుంది. ముఖంలో రంగు పోతుంది. తర్వాత, "ఏం లేదులే" అంటుంది.

ఏడోసారి మాత్రం రాయలేదు.

అది స్నానానికి వెళ్ళింది. ఫోను మోగింది. మోగి మోగి ఆగిపోతే అవతలివాళ్ళు ఏమైపోతారోనని నేనే తీశాను. ఎవరో మగమనిషి, పరుపు మోసుకుంటూ లిఫ్టెక్కి రెండు అంతస్తుల మధ్య ఇరుక్కున్నాడట.

"లిఫ్టు ఊగుతోందా నాయనా?" అన్నాను.

"లేదండీ. ఎందుకు, ఊగుతుందా?"

"కదలకు. తాడు మీద ఎంత బరువుందో ఏమో. పరుపు బరువైనదా?"

"తాడు తెగుతుందంటారా?" అన్నాడు. అతని గొంతు సన్నబడిపోయింది. "ఇంట్లోవాళ్ళకి ఫోన్ చెయ్యమంటారా?"

"చెయ్యి నాయనా, మంచిదే" అన్నాను.

అతను ఏడుపు లంకించుకున్నాడు. బాత్రూములోంచి ఇది నా మాటలు విని, తడి జుట్టుతో, తువ్వాలు చుట్టుకుని గబగబా వచ్చింది. గుమ్మం దగ్గర మోకాలు వదిలేసింది. తలుపు రెక్క పట్టుకుని వేలాడి, ఎలాగో నిలదొక్కుకుని, నా చేతిలోంచి ఫోను లాక్కుంది.

"సార్, ఇందాక మాట్లాడింది మా అమ్మ. ఆవిడ నేల మీద నిలబడి కూడా పడిపోతానని భయపడుతుంది. మీ లిఫ్టుకి ఆరు తాళ్ళున్నాయి, ఒక్కటున్నా మిమ్మల్నీ మీ పరుపునీ మోస్తుంది. పరుపు పరుచుకుని కూర్చోండి. ఇంత సుఖంగా ఇరుక్కున్నవాళ్ళని నేనింతవరకు చూడలేదు."

అవతల నవ్వు వినిపించింది. నేను మాత్రం దాని మోకాలి వంక చూస్తున్నాను. తలుపు పట్టుకున్న చేతివేళ్ళు తెల్లబడి ఉన్నాయి.

తర్వాత పుస్తకం తెరిచాను. నేను ఫోను తీయకపోతే అది పరుగెత్తేది కాదు. పరుగెత్తకపోతే జారేది కాదు. కాబట్టి ఆ తప్పు నాది, మోకాలిది కాదు. పుస్తకం మూసేశాను.

ఒకసారి మూసినవాళ్ళకి రెండోసారి చెయ్యి వణకదు. కుర్చీకోడు తగిలి జారింది, కాబట్టి అది కుర్చీది. నేల తడిగా ఉంది, కాబట్టి అది తడిది. సగమే వంగింది, పూర్తిగా కాదు. పుస్తకంలో ఒక్కో వరుస రాసినప్పుడల్లా దాన్ని ఆపరేషను బల్లవైపు నేనే ఒక్కో అడుగు తోస్తున్నట్టుండేది. రాయకపోతే ఎక్కడివాళ్ళం అక్కడే ఉంటాం. పిల్లి కళ్ళు మూసుకుని పాలు తాగినట్టే, తెలుసు. అయినా తర్వాతి నెలన్నరలో నేను రాసినవి రెండు.

బాత్రూములో అప్పుడప్పుడూ ధబ్బున చప్పుడయ్యేది.

"ఏమైందే?"

"చెంబు పడిందమ్మా."

మా బాత్రూములో చెంబు ప్లాస్టిక్కుది. పడితే ఆ చప్పుడు రాదు. నేను మళ్ళీ అడగలేదు. అడిగితే చెప్తుంది. చెప్తే రాయాలి.

మూడు నెలలకి డాక్టరు దగ్గరికి వెళ్ళాం. ఆయన మోకాలు అటూ ఇటూ లాగి చూశాడు. పుస్తకం తిరగేశాడు.

"లోపల వదులు అలాగే ఉంది. కానీ ఈ చివరి నెలన్నరలో రెండేసార్లు పట్టు తప్పిందంటే, కండరంతో నెగ్గుకొస్తున్నారన్నమాట. కొందరికి ఈ అదృష్టం ఉంటుంది. ఇప్పటికి ఆపరేషను అక్కర్లేదు" అన్నాడు. "పనికి వెళ్ళొచ్చు. ఎత్తులెక్కడం వెంటనే వద్దు, మెల్లగా మొదలుపెట్టండి. ఇంకేమైనా చెప్పాలా?"

నేను మా అమ్మాయి వంక చూశాను. అది నా వంక చూసింది.

"ఏం లేదండీ" అన్నాం ఇద్దరం.

గండం గడిచిందని సంతోషపడాలి కదా. ఇంటికి వచ్చే దారంతా ఆ పుస్తకాన్ని కొంగులో చుట్టి దాచుకునే వచ్చాను. డాక్టరు ఇచ్చిన కాగితం అది కంపెనీకి పంపించింది. సోమవారం నుంచి రమ్మన్నారు. ఫోను పనికి వేరే మనిషి వచ్చేశాడు, పాత పనికే రావాలన్నారు. పాత పనంటే లిఫ్టు పైకప్పు మీద నిలబడటం. చుట్టూ గోడలు, పక్కన జానెడు సందు, కింద ఎనిమిదో తొమ్మిదో అంతస్తుల లోతు. అక్కడ ఒక్క క్షణం కింద కాలు లేనట్టయితే?

ఆరేళ్ళలో నేను ఊహించిన చావులన్నీ ఊరికే పోయాయి. ఈసారి ఊహ కాదు. దానికి కావలసినవన్నీ నా చేత్తోనే అమర్చి పెట్టాను. నిజం చెబితే ఆపరేషను. చెప్పకపోతే ఆ పైకప్పు. ముందు నుయ్యి, వెనక గొయ్యి. రెండూ తవ్వుకున్నది నేనే.

ఆదివారం మధ్యాహ్నం అది బూట్లు తొడుక్కుంది.

"ఎక్కడికే?"

"సంచి వేసుకుని ఒకసారి దిగి ఎక్కుతా. రేపు అందరిముందూ ఆయాసపడితే స్పానరు తుప్పు పట్టిందంటారు."

నేను వెనకే బయల్దేరాను. దాని చొక్కా అంచు పట్టుకున్నాను.

"వదులమ్మా. నువ్వు పట్టుకుంటే ఇక పరీక్షేముంది?"

వదిలాను. కానీ చెయ్యి అక్కడే గాల్లో పెట్టుకుని దిగాను. నాలుగో అంతస్తు బాగానే దిగింది. మూడోది దాటింది. రెండో అంతస్తుకి ముందు మెట్లు మలుపు తిరిగేచోట సంచి బరువు పక్కకి లాగింది. అది తిరిగింది. మోకాలు తిరగలేదు. ముందు సంచి పడింది, స్పానర్లన్నీ గలగలమంటూ మెట్లమీద దొర్లాయి. అది మెట్ల కమ్మీ పట్టుకుని, అలాగే కిందికి జారి మెట్టు మీద కూలబడింది. నా చెయ్యి ఇంకా గాల్లోనే ఉంది.

రెండో అంతస్తు తలుపు తెరుచుకుంది. మెడలో టేపు వేలాడేసుకుని దర్జీ బయటికొచ్చాడు.

"ఏమైందక్కా?"

"ఏం లేదు తమ్ముడూ. సంచి జారింది" అన్నాను.

ఆలోచించి అనలేదు. నెలన్నర అలవాటు, దానంతటదే వచ్చింది. మా అమ్మాయి తల తిప్పి నన్ను చూసింది. దర్జీ దొర్లినవన్నీ ఏరి తెచ్చి దాని పక్కన మెట్టు మీద పెట్టాడు.

"రేపట్నుంచి డ్యూటీ అట కదమ్మా. మంచిది. ఎన్నాళ్ళని ఇంట్లో బందీగా ఉంటావు" అని లోపలికి వెళ్ళి తలుపు వేసుకున్నాడు.

నేను దానికి ఒక మెట్టు పైన కూర్చున్నాను. పైకెక్కించాలంటే రెండు అంతస్తులు. కిందికి దింపితే మళ్ళీ ఎక్కించాలి.

"సంచి జారిందా?" అంది.

"నేను పుస్తకంలో అన్నీ రాయలేదే" అన్నాను.

"తెలుసు."

"నీకెలా తెలుసు?"

"చదవడం వచ్చమ్మా నాకు. ఈ నెలన్నరలో నీ కళ్ళముందు జరిగినవే పది దాకా ఉంటాయి. అందులో రెండున్నాయి."

"మరి డాక్టరు ముందు నోరు విప్పలేదేం?"

"బాత్రూములో పడ్డవి నేను నీకు చెప్పలేదుగా. చెప్పనిదాన్ని, రాయలేదని నిన్నెలా నిలదీస్తాను?"

"ఎన్నిసార్లు పడ్డావు?"

"లెక్కపెట్టలేదు."

"ఎందుకు చెప్పలేదే తల్లీ?"

అది మోకాలి మీద చెయ్యి పెట్టుకుని మెల్లగా రాసుకుంది. "చెప్తే నువ్వు ఏడుస్తావు. నిన్ను ఓదార్చాలి. ఉన్నవే రెండు గదులు. రెండింట్లోనూ నీ భయమే సర్దుకుని కూర్చుంది. నాది ఎక్కడ పెట్టుకోను?"

కోపంగా అనలేదు. లిఫ్టులో ఇరుక్కున్నవాళ్ళతో మాట్లాడే గొంతుతోనే అంది. అందుకే ఎక్కువ తగిలింది.

"రేపు నిన్ను పనికి పోనివ్వను" అన్నాను.

"అదీ నువ్వే నిర్ణయించావా? ఆపరేషను వద్దని నువ్వే నిర్ణయించావు. ఇప్పుడు పనీ వద్దంటున్నావు. ఇక నాకు మిగిలింది ఆ గొట్టమే."

డాక్టరు పుస్తకాన్ని అడిగాడు. కంపెనీ కాగితాన్ని అడిగింది. నేను నా భయాలనడిగాను. కాలు ఎవరిదో వాళ్ళని మాత్రం ఎవ్వరం అడగలేదు.

"పోనీ నువ్వు చెప్పు" అన్నాను. "నీకేం చెయ్యాలనుంది?"

అది పక్కనున్న స్పానర్ల వంక చూసింది.

తలుపు వెనక కుట్టుమిషను నడిచింది, ఆగింది, మళ్ళీ నడిచింది. నా గొంతులోకి మాటలు ఒకదాని మీదొకటి ఎగదన్నుకొస్తున్నాయి. ఒక కాలికి బదులు ఇంకో కాలు కోస్తారేమో. చీము పడుతుందేమో. మత్తులోంచి లేవదేమో. తొమ్మిది నెలలు ఆ ఉద్యోగం ఉంచుతారో లేదో. ఒక్కటి బయటపడినా అది నన్ను ఓదార్చడం మొదలుపెడుతుంది, ఇక తన సంగతి చెప్పదు. పంటి బిగువున ఆపుకున్నాను. దవడలు నొప్పి పుట్టాయి.

అది ఒక స్పానరు తీసుకుంది. ప్యాంటుకి తుడిచి సంచిలో పెట్టింది. ఇంకోటి తీసుకుంది. చిన్నవి ఒక అరలో, పెద్దవి ఒక అరలో. కిందనుంచి ఎవరో రెండు మెట్లెక్కి, ఏదో మర్చిపోయినట్టు తిరిగి వెళ్ళిపోయారు. మెట్ల మీద పడే ఎండ గోడ మీదికి జరిగింది. అన్నీ సర్దడం అయింది. సంచి మూతి బిగించింది.

"తాళ్ళు మార్చేటప్పుడు నేనెవర్నీ దగ్గరికి రానివ్వనమ్మా" అంది చివరికి, సంచి వంకే చూస్తూ. "ప్రతిదీ నా కళ్ళతో చూసుకుంటాను, నా చేత్తో లాగి చూసుకుంటాను. వాళ్ళు నన్ను మత్తిచ్చి పడుకోబెట్టి, నేను చూడకుండా నా మోకాల్లో తాడు మారుస్తారు. సరిగ్గా బిగించారో లేదో నాకు తెలీదు. నాకదే భయం. చాలా భయం." నా వైపు తిరిగింది. "అయినా చేయించుకుంటాను. రేపు పొద్దున్నే డాక్టరుకి ఫోన్ చేసి, పుస్తకం తప్పని నేనే చెప్తాను."